అందరూ కూర్చుని చర్చించినా కొత్త ఐడియాలు రావట్లేదు, ఏం చేయాలి?

ముందు చర్చ మానేసి రాయించండి. గుంపులో ఒకసారికి ఒక్కరే మాట్లాడగలరు. వంతు వచ్చేలోగా మిగతావాళ్లు అనుకున్నది మర్చిపోతారు, లేదా ‘ఇదేం బాగుంటుందిలే’ అని మింగేస్తారు. 1987లో మనస్తత్వ పరిశోధకులు డీల్, స్ట్రోబె ప్రచురించిన ప్రయోగాల్లో ఐడియాలు తగ్గడానికి ప్రధాన కారణం ఈ వంతు కోసం ఆగడమేనని తేలింది.

దీనికి విరుగుడు 6-3-5 పద్ధతి. జర్మనీలో బెర్న్డ్ రోర్‌బాఖ్ 1968లో ప్రతిపాదించారు. ఆరుగురికి తలా ఒక కాగితం, పైన సమస్య ఒకే వాక్యంలో, కింద ఆరు అడ్డవరసలు, వరసకి మూడు గడులు. 5 నిమిషాల్లో మొదటి వరసలో 3 ఐడియాలు రాసి, కాగితం పక్కవాళ్లకివ్వాలి. వాళ్లు పైవి చదివి, వాటిని పెంచో మార్చో ఇంకో 3 రాస్తారు. అలా ఆరు విడతలు, అరగంటలో 108. చాలావరకు ఒకేలా ఉంటాయి, కంగారు పడొద్దు.

అసలు దెబ్బతినేది ప్రశ్న దగ్గర. ‘అమ్మకాలు ఎలా పెంచాలి’ అని అడిగితే అందరూ డిస్కౌంటే రాస్తారు. ‘ఒకసారి కొన్నవాళ్లు నెలలోపు మళ్లీ వచ్చేలా ఏం చేయాలి’ అనండి. నాలుగో విడతకి బుర్ర మొరాయిస్తుంది, పైగా చదవాల్సిందీ పెరుగుతుంది. అక్కడ్నుంచి 7 నిమిషాలివ్వండి గానీ ఆపకండి. తేలిగ్గా తట్టేవి అయిపోయాకే పనికొచ్చే వింతలు మొదలవుతాయి.

ఎంపిక మర్నాడు పెట్టుకోండి. అన్నీ టైపు చేయించి చూపించాలి, లేకపోతే బాస్ చేతిరాత గుర్తుపట్టి ఓట్లన్నీ అటే పడతాయి!

ఒంటరిగా చేస్తుంటే ప్రశ్నను తిరగేయండి: ‘ఈ సమస్య ఇంకా ముదరాలంటే ఏం చేయాలి?’ పది రాసి, ఒక్కోదాన్నీ తలకిందులు చేయండి.