టెక్ సందేహాలు: పెద్ద ఫ్యాను వేస్తే పడవ పరుగెత్తుతుందా?

ప్రశ్న: మాది 18 అడుగుల ఫైబర్ పడవ. పులికాట్‌లో రొయ్యలకు, చేపలకు వెళ్తాం. 9.9 హార్స్ పవర్ ఫోర్‌స్ట్రోక్ ఇంజను బిగించాం. నలుగురం, వలలు, ఐస్ పెట్టె ఎక్కాక పిడి చివరిదాకా తిప్పినా గంటకు 12 కిలోమీటర్లు దాటడం లేదు. ఇంజను మూలుగుతోంది. నీటిలో తిరిగే ఫ్యాను (ప్రొపెల్లర్) మీద 9¼ × 11 అని అచ్చు ఉంది. ఇంకా పెద్దది, అందులోనూ స్టీలుది వేస్తే వేగం పెరుగుతుందని తెలిసినవారు చెబుతున్నారు. కొనమంటారా? (తడ మండలం నుంచి ఒక పాఠకుడు)

కొనకండి. డబ్బు దాచుకుని, ముందు ఈ ఆదివారం ఒక గంట మీ ఇంజను శబ్దం వినండి. ఆ మూలుగే మీ ప్రశ్నకు సగం జవాబు.

ఫ్యాను మీద ఉన్న రెండు అంకెలతో మొదలుపెడదాం. 9¼ అంటే రెక్కల కొసలు తిరుగుతూ గీసే వలయం వెడల్పు, అంగుళాల్లో. 11 అన్నది పిచ్. చెక్కలోకి స్క్రూ దించేటప్పుడు ఒక్క చుట్టుకు అది కొంత లోపలికి దిగుతుంది కదా. నీళ్లు కూడా చెక్కలా గట్టిగా ఉంటే మీ ఫ్యాను ఒక్క చుట్టుకు 11 అంగుళాలు ముందుకు వెళ్లాలి. నీళ్లు జారిపోతాయి కాబట్టి అంత వెళ్లదు. ఆ తేడానే స్లిప్ అంటారు. నీటి మీద తేలిపోతూ పరుగెత్తే తేలికపాటి బోట్లలో ఇది 10 నుంచి 20 శాతం. బరువుతో నీటిని చీల్చుకుంటూ వెళ్లే మీ పడవలాంటి వాటిలో చాలా ఎక్కువ.

అలిపిరి దాటి ఘాట్ రోడ్డు ఎక్కే బస్సును గమనించే ఉంటారు. నిండా యాత్రికులతో వంపు తిరిగేటప్పుడు డ్రైవర్ గేరు తగ్గిస్తాడు. టాప్ గేరులోనే ఉంచి యాక్సిలరేటర్ ఎంత తొక్కినా బండి వణుకుతుందే తప్ప ఎక్కదు. పడవ ఇంజనుకు మార్చుకునే గేర్లు లేవు. ముందుకు, వెనక్కు, న్యూట్రల్, అంతే. అందుకే పిచ్ ఎంచుకోవడమంటే ఆ పడవ ఎప్పటికీ ఏ గేరులో నడవాలో ఒడ్డు మీదే తేల్చేయడం. 11 పిచ్ టాప్ గేరులాంటిది. ఇద్దరు మనుషులతో చిన్న పడవ దూసుకుపోవడానికి అది బాగుంటుంది. మీ నలుగురికీ, తడి వలలకూ, ఐసుకూ అది పనికిరాదు. పెద్ద పిచ్ వేస్తే మూలుగు ఇంకా పెరుగుతుంది.

సరైన ఫ్యానుకు కొలత ఒక్కటే. మామూలుగా ఎక్కించే బరువు అంతా ఎక్కించి, పిడి చివరిదాకా తిప్పినప్పుడు, ఇంజను తయారీదారు చెప్పిన చుట్లను అందుకోవాలి. ఇంజనుతో ఇచ్చిన పుస్తకంలో పూర్తి త్రాటిల్ దగ్గర, అంటే పిడి చివరిదాకా తిప్పినప్పుడు, ఎన్ని ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) ఉండాలో రాసి ఉంటుంది. ఈ పరిమాణంలో ఎక్కువ ఇంజన్లకు అది 5,000 నుంచి 6,000. మీ పుస్తకంలో ఏముందో అదే మీకు ప్రమాణం. పెట్రోలు పూర్తిగా తాగుతూ కూడా ఆ చుట్లు అందకపోతే ఇంజను లోపల వేడి పెరుగుతుంది, మసి పేరుకుంటుంది, ప్లగ్గులు నల్లబడతాయి. ఇవి ఒక్కరోజులో బయటపడవు. రెండు మూడు సీజన్లు గడిచాక ఇంజను విప్పినప్పుడు కనిపిస్తాయి. ఆ ఖర్చు ముందు ఫ్యాను ధర ఏ మూలకూ రాదు.

చేతిపిడితో నడిపే ఇంజన్లకు ఆర్‌పీఎం మీటరు సాధారణంగా ఉండదు. ప్లగ్గు తీగకు చుట్టే చిన్న డిజిటల్ మీటర్లు దొరుకుతాయి. అది కొంటే అందులో ఇంజను రకాన్ని సరిగ్గా ఎంచుకోండి. కొన్ని ఫోర్‌స్ట్రోక్ ఇంజన్లు చుట్టు చుట్టుకూ ప్లగ్గును వెలిగిస్తాయి, కొన్ని రెండు చుట్లకొకసారి. సెట్టింగ్ తప్పితే అంకె రెట్టింపో సగమో చూపిస్తుంది.

అసలు ఖర్చే లేని దారి మీ జేబులోని ఫోను. శబ్దాన్ని గ్రాఫుగా చూపే స్పెక్ట్రమ్ ఎనలైజర్ యాప్ ఏదైనా ఎక్కించుకోండి. రెండు సిలిండర్ల ఫోర్‌స్ట్రోక్‌లో సిలిండర్లు ఒకటి తర్వాత ఒకటి పేలుతూ ఒక్కో చుట్టుకు ఒక్కో పేలుడు ఇస్తాయి. కాబట్టి గ్రాఫులో కనిపించే హెర్ట్జ్‌ను, అంటే సెకనుకు ఎన్ని పేలుళ్లో ఆ అంకెను, 60తో గుణిస్తే ఆర్‌పీఎం వచ్చేస్తుంది. 80 దగ్గర శిఖరం కనిపిస్తే 4,800. గాలి లేని తెల్లవారుజామున, పడవ నిండా బరువుతో, ఒకరు పిడి పట్టుకుంటే ఇంకొకరు ఇంజను మూతకు రెండడుగుల దూరంలో ఫోను పట్టుకోవాలి. ప్లాస్టిక్ సంచిలో పెట్టి పట్టుకుంటే మైకు సరిగ్గా వినదు. జాగ్రత్తగా బయటికి తీసి, మణికట్టుకు తాడు కట్టుకుని పట్టుకోండి. గ్రాఫులో ఒకే శిఖరం రాదు. 40, 80, 160 ఇలా వరుసగా కనిపించవచ్చు. కంగారు పడకండి. 40 అయితే 2,400 ఆర్‌పీఎం, పూర్తి త్రాటిల్‌లో అంత తక్కువ ఉండదు. 160 అయితే 9,600, ఈ ఇంజను అంత తిరగలేదు. మిగిలింది 80.

వేగానికి ఫోనులోని జీపీఎస్ చాలు. నెట్‌వర్క్ లేకపోయినా అది పనిచేస్తుంది, ఎందుకంటే సంకేతాలు నేరుగా ఉపగ్రహాల నుంచి అందుతాయి. ఒకసారి గాలికి ఎదురుగా, మరోసారి గాలివాటున వెళ్లి సగటు తీసుకోండి.

ఇప్పుడు లెక్క. మీకు 4,800 వచ్చిందనుకుందాం. పుస్తకంలో 5,000 నుంచి 6,000 అని ఉంటే మధ్యలో 5,500 మన లక్ష్యం. లోటు 700. పిచ్ ఒక అంగుళం తగ్గిస్తే ఆర్‌పీఎం సుమారు 200 పెరుగుతుందన్నది పడవలవారి వాడుక లెక్క. చిన్న ఇంజన్లలో ఒక్క అంగుళమే పెద్ద భాగం కాబట్టి ఇంకొంచెం ఎక్కువ కూడా పెరగవచ్చు. మూడు అంగుళాలు తగ్గించి 9¼ × 8 ఫ్యాను వేస్తే దాదాపు 5,400 దగ్గర నిలబడుతుంది. వలలు దించేసి ఖాళీ పడవతో తిరిగి వచ్చేటప్పుడు చుట్లు 6,000 దాటే అవకాశం ఉంది. అప్పుడు పిడి కాస్త వెనక్కు తిప్పితే సరిపోతుంది.

అసలు నీటిలో ఏం జరుగుతోందో కూడా చూద్దాం. మీ ఇంజను కింది గేరు నిష్పత్తి 2.08 (ఇంజను 2.08 చుట్లు తిరిగితే ఫ్యాను ఒక్క చుట్టు) అనుకుంటే, 4,800 ఆర్‌పీఎం దగ్గర ఫ్యాను నిమిషానికి దాదాపు 2,300 చుట్లు తిరుగుతుంది. చుట్టుకు 11 అంగుళాల లెక్కన గంటకు సుమారు 39 కిలోమీటర్లు పోవాలి. మీరు వెళ్తున్నది 12. రెక్కలు నీటిని పట్టి తోయడం కంటే చిలకడమే ఎక్కువగా చేస్తున్నాయి.

ఒక మాట మాత్రం నొప్పించినా చెప్పాలి. 8 పిచ్ వేసినంత మాత్రాన మీ పడవ గంటకు 25 కిలోమీటర్లు పరుగెత్తదు. బరువుతో కూర్చున్న పడవ తాను లేపిన అలనే తాను ఎక్కలేక ఆగిపోతుంది. ఆ హద్దు పడవ పొడవును బట్టి ఉంటుంది, 9.9 హార్స్ పవర్‌తో దాన్ని దాటడం కష్టం. మీకు దక్కేది వేరు. కదలడం మొదలుపెట్టగానే పట్టు దొరుకుతుంది, ఎదురుగాలిలో పడవ వెనుకబడదు, ఇంజను ఎక్కువ కాలం మన్నుతుంది. రోజూ బరువు మోసే పడవకు ఇవే కావాలి. ఇక ముందు ఎప్పుడైనా ఇంజనే మార్చదలిస్తే, బరువు పడవల కోసం గేరు నిష్పత్తి 2.9 దాకా ఉండి, వెడల్పైన ఫ్యానుతో వచ్చే హై థ్రస్ట్ రకాలను అడగండి. అదే హార్స్ పవర్, పని మాత్రం ఎంతో మెరుగు.

కొనే ముందు ఇంకో మూడు చూసుకోండి. పడవ అడుగున నాచు, గవ్వలు పట్టి ఉంటే గీకేయండి. పిడి చివరిదాకా తిప్పినప్పుడు కార్బురేటర్ దగ్గర కూడా పూర్తిగా తెరుచుకుంటోందో లేదో చూడండి. ఫ్యానుకు పైన అడ్డంగా ఉండే పలక పడవ అడుగుతో సమానంగా గానీ, ఒక అంగుళం కిందికి గానీ ఉండాలి. ఇంజను మరీ పైకి ఉంటే ఫ్యాను పైనుంచి గాలిని లాక్కుని ఉత్తినే గిర్రున తిరుగుతుంది. మరీ కిందికి ఉంటే నీటి లాగుడు పెరుగుతుంది. 15 అంగుళాల షాఫ్టు, 20 అంగుళాల షాఫ్టు అని ఇంజన్లు రెండు రకాలుగా వచ్చేది ఇందుకే. కొత్త ఫ్యాను లోపలి పళ్ల సంఖ్య మీ షాఫ్టుకు సరిపోవాలని వేరే చెప్పనక్కరలేదు. పాతది పట్టుకుని దుకాణానికి వెళ్లండి.

ఇక స్టీలు. దాని రెక్కలు పలచగా ఉన్నా వంగవు, ఇసుకకు తొందరగా అరగవు. ఈ రెండూ నిజమే. కానీ పులికాట్ చాలాచోట్ల నడుము లోతైనా ఉండదు. ఇసుకదిబ్బకో రాయికో తగిలితే అల్యూమినియం రెక్క వంగి ఆ దెబ్బ తాను తింటుంది. స్టీలు వంగకపోతే ఆ దెబ్బ గేర్ల దాకా వెళ్తుంది. స్టీలు ధర కూడా కొన్ని రెట్లు ఎక్కువ. ఆ డబ్బుకు సరైన పిచ్‌లో రెండు అల్యూమినియం ఫ్యాన్లు కొని, ఒకటి పడవలో ఉంచుకోమనే చెబుతాను. నాలుగు రెక్కలది వేయాలనిపిస్తే నీటి పట్టు పెరుగుతుంది, అదురు తగ్గుతుంది, చుట్లు మాత్రం కొంత పడిపోతాయి. కాబట్టి పిచ్ మరో అంగుళం తగ్గించాలి.

ప్రశ్న: ఇంజనీరింగ్ ప్రాజెక్టుకు చిన్న డ్రోన్ చేస్తున్నాం. 5045 అన్న ప్రొపెల్లర్లు తీసేసి 5050 వేస్తే ఎక్కువ ఎత్తుకు లేస్తుందా? (తిరుపతి నుంచి ఒక విద్యార్థిని)

పైన పడవకు చెప్పిన లెక్కే మీకూ వర్తిస్తుంది. 5045 అంటే 5 అంగుళాల వెడల్పు, 4.5 అంగుళాల పిచ్. 5050లో పిచ్ 5. గాలి కూడా నీటిలాంటిదే, పలచనిది అంతే. పిచ్ పెంచితే మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, బ్యాటరీ త్వరగా అయిపోతుంది. మార్చాక ఒక్క నిమిషం ఎగరేసి దించి, మోటారు మీద వేలు పెట్టి చూడండి. వేలు ఉంచలేనంత వేడిగా ఉంటే పాతవే మేలు. సవ్య దిశలో తిరిగేవి రెండు, అపసవ్య దిశలో తిరిగేవి రెండు ఉండాలన్నది మరవకండి. ఎగరేసే ముందు, డ్రోన్ ఎక్కడ ఎగరేయవచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్ చూడండి. తిరుమల కొండ మీద డ్రోన్లు నిషిద్ధం, ప్రాజెక్టు అని చెప్పినా ఒప్పుకోరు.

ప్రశ్న: గేరు వేసి పిడి తిప్పితే ఇంజను హోరెత్తుతోంది, పడవ మాత్రం మెల్లగా కదులుతోంది. మెల్లగా తిప్పితే బాగానే వెళ్తోంది. గేర్‌బాక్సు పోయిందంటున్నారు. (సూళ్లూరుపేట నుంచి ఒక పాఠకుడు)

గేర్‌బాక్సు విప్పించే ముందు రూపాయి ఖర్చు లేని పరీక్ష ఒకటి చేయండి. కిందటి శీతాకాలం భీమునివారిపాలెం ఒడ్డున, ఇరకం దీవికి వెళ్లే పడవ దగ్గర, సరిగ్గా ఇదే బాధను దగ్గరగా చూశాను. ఫ్యాను విప్పి చేతికిచ్చారు. మూడు రెక్కల కొసలూ ఇసుకకు అరిగి, కత్తి అంచులా పలచబడి ఉన్నాయి. ఒక రెక్క మీద రంగు పోయి తెల్లటి లోహం మెరుస్తోంది. అందరూ ఆ రెక్కలనే చూస్తున్నారు. జబ్బు అక్కడ లేదు, మధ్యలో ఉంది. ఫ్యాను బయటి భాగానికీ, షాఫ్టు దూరే లోపలి గొట్టానికీ నడుమ గట్టి రబ్బరు బుష్ ఉంటుంది. రాయి తగిలినప్పుడు గేర్లు విరగకుండా అది దెబ్బను మింగుతుంది. ఆ బుష్ జారడం మొదలైతే షాఫ్టు తిరుగుతుంది, రెక్కలు తిరగవు. మెల్లగా నడిపితే పట్టు నిలుస్తుంది, గట్టిగా తిప్పితే వదిలేస్తుంది.

ముందుగా ఇంజను ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, ఇంజనును ఆపే తాడు క్లిప్పు (కిల్ స్విచ్) లాగేయండి. ఫ్యాను దగ్గర చెయ్యి పెట్టే ముందు ఇది ఎప్పుడూ తప్పదు. తర్వాత లోపలి గొట్టం మీద నుంచి బయటి అంచు దాకా గోళ్ల రంగుతో ఒక తిన్నని గీత గీసి ఆరనివ్వండి. నిండు బరువుతో ఒకసారి గట్టిగా నడిపి వచ్చి చూడండి. గీత లోపల ఒకచోట, బయట ఒకచోట ఉంటే బుష్ జారినట్టే. ఆనాడు మేము గీసిన గీత దాదాపు పావు చుట్టు పక్కకు జరిగింది. గీత తిన్నగానే ఉంటే గేర్‌బాక్సు సంగతి, ఫ్యాను గాలి లాగుతోందా అన్న సంగతి అప్పుడు చూద్దాం.

ఫ్యాను తీశాక షాఫ్టు మీద తెగిన వల దారాలు చుట్టుకుని ఉన్నాయేమో చూడండి. నైలాన్ దారం లోపలికి కోసుకుపోయి నూనె సీలును తెంపుతుంది. గేరు నూనె పాలలా తెల్లబడి ఉంటే నీళ్లు దిగినట్టు. అప్పుడు మెకానిక్ దగ్గరికి వెళ్లక తప్పదు. తిరిగి బిగించేటప్పుడు షాఫ్టుకు నీళ్లకు కరగని గ్రీజు రాయండి. నట్టుకు అడ్డంగా దూర్చే పిన్ను ప్రతిసారీ కొత్తది వేయండి. జారిన ఫ్యానును పారేయకండి. మెల్లగా నడిపితే అది ఇంకా ఇంటికి చేరుస్తుంది. ఒక స్పానరు, రెండు పిన్నులు, ఒక నట్టుతో కలిపి సంచిలో కట్టి పడవలోనే ఉంచండి. చీకటిపడ్డాక దీవి నుంచి గడతో నెట్టుకుంటూ వచ్చిన వారిని అడగండి, ఆ సంచి విలువ ఏమిటో చెబుతారు.