‘తాతయ్య కూడా చనిపోతారా?’ అంటోంది!

సమస్య: మేం న్యూజెర్సీలో ఉంటాం. మా పాపకు ఆరేళ్లు. ఈమధ్య ఫ్రెండ్ వాళ్లింట్లో ఒక యానిమేషన్ షార్ట్ ఫిల్మ్ చూసింది. ఓ యూదుల ఇంట్లో తాతయ్య చనిపోతే అద్దాలకు గుడ్డలు కప్పి, అందరూ కిందుగా కూర్చుంటారట. అప్పట్నుంచి ఒంటరిగా పడుకోవటం లేదు. పక్క తడుపుతోంది. అద్దమంటే భయం. విజయవాడలో ఉన్న మా నాన్నకు గుండెజబ్బు. ‘తాతయ్య కూడా చనిపోతారా?’ అనడిగితే ‘ఛ, అలా అనకూడదు’ అన్నాను. కౌన్సెలింగ్ ఇప్పించాలా?
- ఓ తల్లి

సలహా: ఇప్పుడే అక్కర్లేదమ్మా. పోయినవాళ్లు తిరిగి రారని, చావు అందరికీ ఉంటుందని పిల్లలకు మామూలుగా ఐదు నుంచి ఏడేళ్ల మధ్య తెలిసొస్తుంది. ఎలాగూ రావాల్సిన ప్రశ్నను సినిమా కాస్త ముందు తెచ్చింది, అంతే. పక్క తడపటం టెన్షన్ వల్లే కావొచ్చు, తిట్టకండి. మూత్రంలో మంట, అతిదాహం ఉంటే మాత్రం పరీక్ష చేయించండి.

మీరు ‘ఛ’ అనటంతో ఆ మాట ఎత్తకూడదని పాపకు అర్థమైంది, భయం మాత్రం అలాగే ఉండిపోయింది. మీరే మళ్లీ కదిలించండి. ‘అందరూ ఎప్పుడో ఒకప్పుడు చనిపోతారు. తాతయ్య మందులు వేసుకుంటున్నారు, డాక్టర్లు చూస్తున్నారు. ఇంకా చాలాకాలం మనతో ఉండాలనే మన ఆశ’ అనండి. ఏమీ కాదని ఒట్టు వేయొద్దు. చావంటే నిద్రపోవటమని అసలు చెప్పొద్దు, రాత్రుళ్లు కళ్లు మూయటానికే జడుసుకుంటారు. శరీరం పనిచేయటం ఆగిపోతుందని, నొప్పి, ఆకలి ఉండవని చెబితే చాలు. దేవుడి మాట మీ ఇంటి నమ్మకం, ఆ తర్వాత చెప్పుకోండి.

అద్దాల సంగతీ విప్పి చెప్పండి. యూదులు ఖననం అయ్యాక ఏడు రోజులు ‘షివా’ అనే సంతాపం పాటిస్తారు. దుఃఖంలో ఉన్నప్పుడు తమ అందచందాల మీద ధ్యాస పోకూడదని అద్దాలు కప్పుతామని చాలామంది అంటారు. ఆ ఇంటివాళ్లు ఎత్తు తక్కువ పీటల మీద కూర్చుంటారు. చుట్టాలు, ఇరుగుపొరుగు వండి తెచ్చిపెడతారు, పోయినాయన కబుర్లు చెప్పుకుంటారు. పిల్లలూ అక్కడే తిరుగుతుంటారు. మనమేమో చాలా ఇళ్లలో పిల్లల్ని పక్కింటికి పంపేస్తాం. నాకు మన పద్ధతి నచ్చదు. ఆ ఫ్రెండ్ వాళ్లూ యూదులైతే, వీలుంటే వాళ్లమ్మనే పాపకు ఇదంతా చెప్పమనండి.

మీ నాన్నగారితో వీడియో కాల్ మామూలుగానే చేయించండి. ‘తాతయ్య బాగున్నాడో లేదో చూడు’ అంటూ కాపలా పని మాత్రం అప్పగించొద్దు.

నాలుగు వారాలు దాటినా నిద్ర, తిండి, బడి గాడిన పడకపోతే మీ పిల్లల డాక్టర్‌కు చూపించండి. ‘నేనూ చచ్చిపోతా’ లాంటి మాట వస్తే అన్ని రోజులు ఆగొద్దు, వెంటనే తీసుకెళ్లండి.