వేసవి ఆదివారాల బాధ్యత తీసుకున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి, పెద్దమ్మ ఆశీస్సులు.

అమెరికాలో మీ ఊరి యూనిటేరియన్ యూనివర్సలిస్ట్ అనే ఉదార మత సంఘంలో మినిస్టర్ గారు (ఆరాధన నడిపే బోధకులు) సెలవులో ఉండే జులై, ఆగస్టు నెలల్లో ఆదివారపు సమావేశాలు నడిపే పని నీకు అప్పగించారని తెలిసి సంతోషించాను. వేసవిలో సభ్యులే ముందుకు వచ్చి సభ నడుపుకోవడం ఈ సంఘాలలో ఎప్పటినుంచో ఉన్న అలవాటు కనుక, నీకు ఉపన్యాసకళ రాదని బెంగ పెట్టుకోకు. మాట్లాడేవారిని వెతికి పట్టుకోవడం, వారిని ఇరవై నిమిషాలలో ముగించేలా చూడడం, మిగిలిన నలభై నిమిషాలను కాపాడడం నీ పని. అందులో మూడవదే కష్టం.

నువ్వు పంపిన పట్టిక చూశాను. పర్యావరణ న్యాయం, ఒంటరితనం, జీవితానికి అర్థం అని వారానికొక శీర్షిక పెట్టావు. అంత పెద్ద శీర్షిక ఇస్తే వక్త తనకు తెలిసినదంతా చెప్పి కూర్చుంటాడు. దానికి బదులు ఒక ప్రశ్న ఇవ్వు. అద్దె కట్టలేక మన పక్క వీధిలో ఇల్లు ఖాళీ చేస్తున్న కుటుంబానికి మనం ఎంతవరకు బాధ్యులం అని అడిగితే, మాట్లాడేవారు తప్పించుకోలేరు, వినేవారు కూడా తమలో తాము జవాబు వెతుక్కుంటారు.

ఈ సంప్రదాయంలో అందరూ ఒప్పుకోవలసిన విశ్వాస ప్రకటన అంటూ ఏదీ లేదు. 1961లో యూనిటేరియన్లు, యూనివర్సలిస్టులు అనే రెండు శాఖలవారు ఒక్కటైనప్పటి నుంచీ అంతే. 2024లో ఈ సంఘాల జాతీయ మహాసభ ప్రేమను కేంద్రంగా పెట్టి, దాని చుట్టూ న్యాయం, సమానత, బహుళత్వం, ఔదార్యం వంటి ఆరు విలువలను చేర్చి నియమావళిని మార్చినప్పుడు కూడా ఎవరి నమ్మకం జోలికీ పోలేదు. అందువల్ల మీ హాలులో దేవుడనే మాట వినగానే ముఖం ముడుచుకునేవారూ, ఆ మాట వినపడకపోతే వెలితిగా భావించేవారూ ఒకే వరుసలో కూర్చుంటారు. ఇద్దరినీ మెప్పించాలని చప్పిడి మాటలు ఏరుకోవద్దని వక్తలకు చెప్పు. తన నమ్మకాన్ని తనదిగా చెప్పినవారిని నాస్తికులు సైతం శ్రద్ధగా వింటారు.

దీపపాత్ర వెలిగించడం, పాటలు, పిల్లల కథ, వాటంతట అవే నడిచిపోతాయి. పొడుగు అగ్గిపుల్లలు మాత్రం దగ్గర పెట్టుకో. వేదిక మీద లైటరు ఎప్పుడూ మొరాయిస్తుంది.

నీ దృష్టంతా సంతోషాలు, దుఃఖాలు పంచుకునే ఆ పది నిమిషాల మీద ఉండాలి. కొన్ని సంఘాలలో కొవ్వొత్తి వెలిగిస్తారు, కొన్నింటిలో నీళ్ళ గిన్నెలో గులకరాయి వేస్తారు. పద్ధతి ఏదైనా, వారమంతా ఎవరికీ చెప్పుకోలేని మాట బయటికి వచ్చేది అక్కడే. ఒకామె బయాప్సీ ఫలితం కోసం ఎదురుచూస్తున్నానని రెండు ముక్కలలో చెప్పి కూర్చుంటుంది, ఆ వెనుకే ఒక పెద్దమనిషి లేచి స్కూలు బోర్డు ఎన్నికల గురించి అందుకుంటాడు. మైకును ఎవరి చేతికీ ఇవ్వకు. నువ్వే పక్కన నిలబడి పట్టుకో. మైకు నీ చేతిలో ఉన్నంతసేపు ఎవరూ నాలుగు వాక్యాలు దాటరు, దాటినా నువ్వు ధన్యవాదాలు చెప్పి చేయి వెనక్కి తీసుకోవచ్చు. ప్రకటనలకు వేరే సమయం ఉందని కార్యక్రమ పత్రంలో ముందే అచ్చు వేయించు. ఇంటినుంచి జూమ్‌లో చూసేవారు రాసి పంపిన మాటలు చదవడానికి ఒకరిని నియమించు. మంచం పట్టినవారు ఎక్కువగా అక్కడే ఉంటారు. ఆ తరువాత ఒక నిమిషం మౌనం పాటించేటప్పుడు గడియారం చూసుకో, ఎందుకంటే ముందు నిలబడినవారికి ముప్పై సెకన్లే నిమిషంలా తోస్తుంది.

న్యాయం గురించిన ఆదివారం నాడు, నల్లవారి ఓటు హక్కు కోసం ఉద్యమం జరిగిన అలబామాలోని సెల్మా పట్టణం ప్రస్తావన తప్పక వస్తుంది. 1965లో డాక్టర్ మార్టిన్ లూథర్ కింగ్ పిలుపు అందుకుని అక్కడికి వెళ్ళి, దుండగుల దెబ్బలకు ప్రాణం విడిచిన జేమ్స్ రీబ్ యూనిటేరియన్ మినిస్టరే. స్మరించుకోవడం ధర్మం, కానీ ఆయన త్యాగాన్ని మన ఖాతాలో వేసుకుని ఇంటికి పోవడం అన్యాయం. 1881 డిసెంబరులో వీరేశలింగం గారు రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు, వంటవారు, నీళ్ళు మోసేవారు మానుకుంటే ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారు స్వయంగా వంట చేసి, గోదావరి నుంచి నీళ్ళు మోశారు. సంస్కరణను మెచ్చుకున్నవారు అప్పుడూ చాలామందే ఉన్నారు. కనుక ప్రసంగం ముగిసిన చోటనే ఒక బల్ల వేయించు. దాని మీద తేదీ, వేళ, చేయవలసిన పని రాసిన కాగితం ఉండాలి, పేదలకు ఆహారం పంచే ఆహార నిధి (ఫుడ్ బ్యాంక్) నుంచి వచ్చిన మనిషి పక్కనే నిలబడి ఉండాలి. ఆ రోజు చందాలో సగం వారికే ఇస్తున్నామని ముందుగానే చెప్పించు.

నువ్వు భారతీయురాలివి కనుక తూర్పు దేశాల ఆధ్యాత్మికత మీద మాట్లాడమని ఎవరో ఒకరు అడుగుతారు. ఇష్టం లేకపోతే నవ్వి ఊరుకో. ఇష్టమైతే, 1821లోనే కలకత్తాలో రామమోహన రాయ్ యూనిటేరియన్ కమిటీ ఏర్పాటులో పాలుపంచుకున్న సంగతి, తరువాత ఆయనే స్థాపించిన బ్రహ్మ సమాజ భావాలతో కాకినాడలో రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు దళిత విద్యార్థులకు అండగా నిలిచిన సంగతి చెప్పు. యోగాసనాల కంటే అది వారికి కొత్త.

కాఫీ వేళ పాతవారు పాతవారితోనే గుంపు కడతారు, కొత్తగా వచ్చినవారు కప్పు పట్టుకుని నోటీసు బోర్డు చదువుతుంటారు. మంచి మాటకారులు ఇద్దరిని ఎంచి, మొదటి పది నిమిషాలు తెలిసినవారితో మాట్లాడవద్దని మాట తీసుకో.

అమెరికా స్వాతంత్ర్య దినమైన జులై 4 దగ్గరి ఆదివారానికి జనం పలుచగా వస్తారు. ఆ రోజుకు వక్తను పిలవకు. కుర్చీలు గుండ్రంగా వేయించి, ఒక చిన్న పద్యభాగం చదివించి, వచ్చినవారినే మాట్లాడనివ్వు. మిగిలిన వారాల వక్తల పేర్లు ఖరారు కాగానే పట్టిక నాకు మళ్ళీ పంపు.

ఇట్లు,
నీ పెద్దమ్మ