కొత్త కాలు సంగతి తర్వాత, ముందు ఆ పుండు చూపించండి

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్లు. షుగర్ వల్ల ఎనిమిది నెలల కిందట ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. తర్వాత ఉచిత శిబిరంలో కృత్రిమ కాలు ఇచ్చారు. మొదట్లో బాగానే నడిచారు. ఇప్పుడు వదులైపోయింది. రెండు జతల సాక్సులు వేసుకుని, లోపల స్పాంజి ముక్క పెట్టుకుంటున్నారు. అంచు గుచ్చుకుంటోందంటే కార్పెంటర్‌తో అరగదీయించాం. ముందు ఎముక దగ్గర చిన్న పుండు పడితే మెడికల్ షాపులో ఇచ్చిన ఆయింట్‌మెంట్ మూడు వారాలుగా రాస్తున్నాం. రాత్రిళ్లు లేని పాదం మండుతోందంటారు. వచ్చే నెల చెల్లి పెళ్లి. అప్పు చేసైనా ఆరు లక్షల కంప్యూటర్ కాలు కొందామనుకుంటున్నాం. ఏ కంపెనీది మంచిది?
– ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: కంపెనీ గురించి తర్వాత. మీరు మధ్యలో ఒక్క ముక్కలో రాసి వదిలేసిన పుండు గురించే నా టెన్షన్ అంతా. షుగర్ ఉండి, ఇప్పటికే ఒక కాలు పోయిన మనిషికి స్టంప్ (కోసేశాక మిగిలిన కాలి భాగం) మీద పుండు మూడు వారాలైనా మానలేదంటే దాన్ని చిన్నదనకూడదు. ఈ రోజు నుంచే ఆ కాలు తొడగడం ఆపించండి. బాత్రూం వరకే కదా అని కూడా వద్దు. వాకర్ గానీ చక్రాల కుర్చీ గానీ వాడండి. ఒంటికాలి మీద గెంతుతూ వెళ్తే జారిపడి తుంటి విరగ్గొట్టుకుంటారు.

ఒకటి రెండు రోజుల్లో సర్జన్‌కు చూపించండి. గాంధీ, ఉస్మానియా, నిమ్స్, లేదా ఆపరేషన్ చేసిన ఆస్పత్రి, ఏదైనా సరే. చీము, చెడు వాసన, నలుపు, పైకి పాకుతున్న ఎరుపు, జ్వరం... వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఓపీ కోసం ఆగకుండా అదే రోజు ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. నొప్పి లేదు కదా అనుకోకండి. షుగర్‌తో నరాలు దెబ్బతిన్నవారికి నొప్పి తెలియకపోవచ్చు. నేను పుండును చూడలేదు కాబట్టి మందు పేరు రాయను. రక్తప్రసరణ ఎలా ఉందో, ఇన్ఫెక్షన్ ఎముక దాకా వెళ్లిందేమో చూసినవాళ్లే చెప్పాలి. మూడు నెలల సగటు షుగర్ తెలిపే హెచ్‌బీఏ1సీ ఎంతుందో మీరు రాయలేదు. అది కూడా చేయించండి.

ఇక ఆ ఆయింట్‌మెంట్. పేరు రాయలేదు గానీ, కౌంటర్ మీద అడిగితే ఇచ్చే ట్యూబుల్లో చాలావాటిలో యాంటీబయాటిక్, ఫంగస్ మందులతో పాటు క్లోబెటాసాల్ లాంటి గట్టి స్టెరాయిడ్ కలిపి ఉంటుంది. రాయగానే ఎరుపు తగ్గుతుంది, మానుతోందని మనం సంబరపడతాం. లోపల మాత్రం చర్మం పల్చబడి, పుండు మానడం ఆలస్యమవుతుంది, ఇన్ఫెక్షన్ ముదురుతుంది. ఇలాంటి స్టెరాయిడ్ క్రీములు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే నిబంధన వచ్చింది. అయినా నా ఓపీకి వచ్చేవాళ్లలో చాలామంది చేతిలో ఏదో ఒక ట్యూబు ఉంటుంది. ఆరు లక్షల కాలుకు కంపెనీలు వాకబు చేసే ఓపిక ఉన్నప్పుడు, పుండు మీద రాసేది ఏమిటో అడిగే ఓపిక కూడా ఉండాలి కదా! డాక్టరు చూసేదాకా అది ఆపేయండి. పసుపు, స్పిరిట్ కూడా పెట్టొద్దు. శుభ్రమైన గాజ్‌గుడ్డతో పొడి కట్టు కట్టి ఉంచండి.

కాలు వదులు కావడం ఎవరి తప్పూ కాదు. ఆపరేషన్ తర్వాత వాపు తగ్గి, కండ కరిగి, ఏడాది, ఒక్కోసారి ఏడాదిన్నర దాకా స్టంప్ సన్నబడుతూనే ఉంటుంది. మొదటి సాకెట్, అంటే స్టంప్ దూర్చే గిన్నెలాంటి భాగం, ఎల్లకాలం సరిపోదు. దానికోసమే పలచనివి, మందమైనవి పొరల లెక్కన స్టంప్ సాక్సులు దొరుకుతాయి. అవి పది పొరలు దాటాయంటే సాకెట్ మార్చాల్సిందే. స్పాంజి ముక్క పెడితే బరువంతా ఒక్కచోటే పడి చర్మం నలుగుతుంది. మీ పుండుకు కారణం అదే అయి ఉండొచ్చు. కార్పెంటర్ మీద నాకు కోపం లేదు గానీ, సాకెట్‌లో ఏ చోట బరువు మోపాలో, ఏ ఎముకను వదిలేయాలో కొలతలు తీసి చేస్తారు. ఆ పని ప్రోస్థటిస్టుది, అంటే కృత్రిమ కాళ్లూ చేతులూ తయారుచేసి అమర్చే నిపుణుడిది. పుండు మానాక, కాలు ఇచ్చిన చోటికే తీసుకెళ్లి సాకెట్ మార్పించండి.

కంప్యూటర్ కాలు అని ప్రకటనల్లో చూపించేది ఎక్కువగా కంప్యూటర్ మోకాలు. మోకాలి పైన తీసేసినవారికి అది పనికొస్తుంది. మీ నాన్నగారికి సొంత మోకాలు ఉంది, దాన్ని కాపాడుకుంటే చాలు. పడుకున్నప్పుడు దాని కింద దిండు పెట్టొద్దు, మోకాలు వంగిపోయి బిగుసుకుంటుంది. ఎంత ఖరీదైన కాలైనా సాకెట్ కుదరకపోతే ఇదే పుండు మళ్లీ వస్తుంది. స్టంప్ ఇంకా మారుతుండగా అప్పు చేసి కొనడం నాకైతే నచ్చలేదు.

మీరు అడగని ప్రశ్న ఒకటుంది: కుడి పాదం ఎలా ఉంది? షుగర్‌తో ఒక కాలు పోయినవారికి రెండోది పోయే ముప్పు బాగా ఎక్కువ. రోజూ రాత్రి అరికాలు, వేళ్ల సందులు మీరే చూడండి. ఇంట్లో కూడా ఎంసీఆర్ చెప్పులు (మెత్తటి రబ్బరు అడుగున్నవి) వేయించండి. గుడి దగ్గర ఎండకు కాలిన బండల మీద నడిస్తే బొబ్బలు లేచినా తెలియవు.

లేని పాదం మండటం ఆయన భ్రమ కాదు, నరాల నొప్పి. చాలామందికి వస్తుంది. మందులున్నాయి, అద్దంతో చేయించే వ్యాయామమూ కొందరికి పనిచేస్తుంది. దానికి షాపులో నొప్పి బిళ్లలు కొని వేయొద్దు. షుగర్ ఉన్నవారి కిడ్నీలు వాటికి తట్టుకోలేవు.

పెళ్లికి ఆయన నడవగలరని నేను మాటివ్వలేను. కన్యాదానం కూర్చునే కదా చేసేది, పీటకు బదులు కుర్చీ వేయమని పంతులుగారిని ఇప్పుడే అడగండి. ఈలోగా యూడీఐడీ కార్డుకు (దివ్యాంగుల గుర్తింపు కార్డు) దరఖాస్తు చేసి ఉంచండి. వైకల్యం 40 శాతమో ఆపైనో ఉంటే పింఛను, ఇతర పథకాలకు అది అవసరపడుతుంది.

ఆస్పత్రికి వెళ్లేటప్పుడు ఆ కాలు, సాక్సులు, స్పాంజి, ట్యూబు అన్నీ సంచిలో వేసుకెళ్లండి. ఏం వాడుతున్నారో మీరు చెప్పే కన్నా చూస్తేనే డాక్టరుకు తొందరగా అర్థమవుతుంది.