దక్షిణ జర్మనీలోని బవేరియా నాటకం 'బ్రాండ్నర్ కాస్పర్' సినిమాగా కూడా ఉందట, ఏది ముందు చూడాలి?

ముందు 1975 నాటకం టీవీ రికార్డింగ్. 2008 సినిమా ఆ తర్వాతే. తిరగేసి చూస్తే అసలు రుచి పోతుంది.

ఆయువుపట్టంతా ఒక బల్ల దగ్గరే ఉంది. టెగర్న్‌జే సరస్సు పక్క ముసలి కాస్పర్‌ని తీసుకుపోవడానికి వచ్చిన చావుకి, అంటే బోవాండ్ల్‌క్రామర్ అనేవాడికి, చెర్రీ సారా మీద సారా పడుతుంది. పేకాటలో దొంగముక్క పడుతుంది. తొంభై ఏళ్ళు వచ్చేదాకా బతికే గడువు కాస్పర్ చేతికొస్తుంది. ఆ పేకలో రాణి ఉండదని తెలిస్తేనే ఆట తెలుస్తుంది. ఓబర్, ఉంటర్ అని ఇద్దరుంటారు. రంగు గుర్తు ముక్కలో పైనుంటే ఓబర్, కిందికి దిగితే ఉంటర్. నాలుగు రంగుల్లో ఆఠీను ఒక్కటే మనకు తెలిసింది, మిగతావి ఓక్ కాయ, ఆకు, గంట. కాస్పర్ నమ్ముకున్నది ఆకు ఓబర్‌ని.

ఈ రంగం నిదానంగా నడవాలి. చావుకి గ్లాసు నింపి ఇచ్చేవాడెవడు? ఒక్కో గుక్కకీ వాడు కొంచెం కొంచెం మనిషవుతుంటే నవ్వొస్తుంది. టీవీ రికార్డింగ్‌లో టోనీ బెర్గర్ అది చేసి చూపించాడు. సినిమాలో అదే పాత్ర వేసిన మిఖాయేల్ హెర్బిగ్ టీవీ హాస్యం నుంచి వచ్చినవాడు, మొహం ముందే నవ్వేస్తుంది. దర్శకుడు విల్స్‌మాయర్ మొదట కెమెరామన్. ఆ చేతికి కొండలు దొరికితే వదులుతుందా? కొండలు బాగున్నాయి, బల్ల చిన్నబోయింది. కాస్పర్‌గా క్రోయెట్స్ మాత్రం గట్టివాడు, స్వయంగా నాటకకర్త కదా.

కథలోని స్వర్గంలో బీరు, తెల్ల సాసేజీ, ఉత్తర జర్మనీ ప్రష్యావాళ్ళ మీద విసుర్లు ఎందుకంటారా? మ్యూనిక్‌లో ఖనిజశాస్త్రం చెప్పే ప్రొఫెసర్ కోబెల్ మూలకథని మాండలికంలో అచ్చేసింది 1871లో. బవేరియా ప్రష్యా చేతికింది సామ్రాజ్యంలో కలిసిందీ ఆ ఏడే. దాన్ని నాటకం చేసిన కుర్ట్ విల్‌హెల్మ్ కోబెల్‌కి దూరపు బంధువు.

ఇంకొక్కటి. ఎవరైనా సబ్‌టైటిల్స్ తెలుగులో పెడితే దయచేసి 'యముడు' అని రాయకండి. బోవాండ్ల్‌క్రామర్ అంటే బొమికలు మోసుకు తిరిగే చిల్లర బేరగాడు. తీర్పు చెప్పడు, వరాలివ్వడు, పైవాళ్ళు పంపితే వస్తాడు, తప్పు చేస్తే తిట్లు తింటాడు. సావిత్రి ఎవరి వెంటపడిందో ఆ యమధర్మరాజుకీ వీడికీ పోలికే లేదు; మహా అయితే యమభటుడు, అదీ జీతం చాలని భటుడు.

1949లో ఇంకో సినిమా ఉంది, పాల్ హోర్బిగర్ అందులో బోవాండ్ల్‌క్రామర్ పాత్ర వేశాడు. విల్‌హెల్మ్ నాటకానికి ముందుది కాబట్టి దాంతో పోల్చకండి, విడిగా చూసుకోండి.