మార్కాపురం నుంచి వచ్చే అంబాసిడర్ గురించి, మేనకోడలికి

చి. బుజ్జమ్మకి మావయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి నన్ను బాగా కడిగిపెట్టింది. నువ్వు మార్కాపురంలో 1982 అంబాసిడర్ మార్క్ 4 కొన్నావట, తొమ్మిదేళ్లుగా షెడ్డులోనే ఉందట, వచ్చే ఆదివారం బ్యాటరీ పెట్టి స్టార్ట్ చేసి నువ్వే నడుపుకుంటూ దోర్నాల, శ్రీశైలం మీదుగా హైదరాబాద్ తీసుకెళ్తావట. దానికి కారకుణ్ణి నేనేనట, చిన్నప్పుడు నీ చేతికి స్పానర్లిచ్చి చెడగొట్టానట. తిట్లు తింటూనే లోపల మురిసిపోయాను, అబద్ధమెందుకు. శ్రీశైలం అన్నాక మాత్రం నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

ఆ బండి ఘాట్ మీద నడవకూడదు. లారీ మీద ఎక్కించి పంపించు. నాలుగు డబ్బులు ఎక్కువైతే మీ అమ్మకి చెప్పకు, నేనిస్తాను.

చిల్లర సంగతులు ముందు చెప్పేస్తాను. ఆర్‌సీ గడువు చూడు. 15 ఏళ్లు దాటాక అయిదేళ్లకోసారి రెన్యువల్ ఉంటుంది. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది, అచ్చు ఆర్‌సీతో సరిపోల్చు. ఆంధ్ర బండి తెలంగాణకి మారుస్తున్నావు కాబట్టి బండి రిజిస్టరైన ఆర్టీఏ ఇచ్చే ఎన్‌ఓసీ తీసుకో. వింటేజ్ నంబరంటూ ఎవరో చెప్పారట. దానికి బండికి 50 ఏళ్లు దాటాలి. నీదానికి ఇంకా టైముంది, పైగా ఆ నంబరేస్తే రోజూ తిప్పుకోనివ్వరు.

తుప్పు చూడ్డానికి కళ్లు చాలవు, స్క్రూడ్రైవర్ పట్టుకెళ్లు. దీనికి విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే ఛాసిస్. మ్యాట్లు ఎత్తి ఫ్లోర్ అంచులు, డోర్ల కింద పెట్టె సెక్షన్లు, జాకీ పెట్టే చోట్లు, వెనక కమాన్ పట్టీల హ్యాంగర్లు బిగిసే చోట్లు పొడిచి చూడు. బయట రెక్కకి బొక్కపడితే కొట్టి రంగేసుకోవచ్చు. హ్యాంగర్ దగ్గర స్క్రూడ్రైవర్ లోపలికి దిగిందంటే మాత్రం రంగు, సీట్లు, క్రోమ్ బంపర్ల మాట ఎత్తకు. ముందు వెల్డింగే.

ఇంజిన్ గురించి నాకంత భయం లేదు. 1489 సీసీ బీఎంసీ ఇంజిన్, మొండి ఘటం. అయినా సెల్ఫ్ మాత్రం కొట్టకు. నాలుగు ప్లగ్గులూ తీసి, ఒక్కో సిలిండర్లో రెండు టీస్పూన్ల ఇంజిన్ ఆయిల్ పోసి రాత్రంతా వదిలెయ్. మర్నాడు హ్యాండిల్‌తో మెల్లగా తిప్పు. పట్టేసినట్టుంటే బలం చెయ్యకు, ఇంకో రెండు రోజులు నానబెట్టు. హ్యాండిల్ పట్టుకునేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ల పక్కనే ఉండాలి, చుట్టూ తిప్పి పట్టుకోకూడదు. ఇంజిన్ ఎదురు తన్నితే ముందు విరిగేది ఆ వేలే. పాత ఆయిల్ దించేసి 20డబ్ల్యూ-50 సుమారు 4 లీటర్లు పొయ్యి, డిప్‌స్టిక్ చూసుకుంటూ. ప్లగ్గులు లేకుండానే ఆయిల్ ప్రెషర్ వచ్చేదాకా తిప్పించు, ఆ తర్వాతే ప్లగ్గులు బిగించు. పాయింట్ గ్యాప్ 15 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు), ప్లగ్ గ్యాప్ 25 థౌ, ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2. వాల్వ్ గ్యాప్ కూడా 15 థౌయే. దానికి తొమ్మిది లెక్క గుర్తుందిగా? 8వ వాల్వ్ పూర్తిగా తెరుచుకున్నప్పుడు 1వది సెట్ చెయ్యి, 7వది తెరుచుకుంటే 2వది, ఎప్పుడూ రెండూ కలిపితే తొమ్మిది రావాలి.

ఆ గ్యాపులు ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టుకో. మన దగ్గర 2000 నుంచి సీసం లేని పెట్రోలే. ఈ ఇంజిన్ పుట్టింది సీసం ఉన్న రోజుల్లో. ఆ సీసం ఎగ్జాస్ట్ వాల్వ్ సీట్లకి పూతలా పనిచేసేది. అది లేక సీటు మెల్లగా అరిగి వాల్వ్ లోపలికి దిగిపోతుంది. అప్పుడు గ్యాప్ పెరగదు, తగ్గుతుంది. ఎగ్జాస్ట్ గ్యాప్ చూసిన ప్రతిసారీ తక్కువే వస్తుంటే అదే రోగమని తెలుసుకో. అందుకోసమని ఇప్పుడే హెడ్ విప్పక్కర్లేదు. ఎప్పుడైనా గ్యాస్కెట్ పోయి హెడ్ దించాల్సి వస్తే, లేత్ పనివాళ్ల దగ్గర గట్టి సీట్లు వేయించెయ్.

ట్యాంకులో తొమ్మిదేళ్ల పెట్రోల్ వార్నిష్ కంపు కొడుతుంది. మొత్తం దించెయ్. చిల్లుంటే ట్యాంకు వెల్డింగ్‌కి నువ్వు తీసుకెళ్లకు, నాకు చెప్పు. ఖాళీ ట్యాంకులో పెట్రోల్ కనపడదు గానీ ఆవిరుంటుంది, నిప్పు తగిలితే పేలుతుంది. ఇప్పటి పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్. పాత రబ్బరు పైపులు, పంపు డయాఫ్రం దానికి తట్టుకోవు. కొత్త పైపు కొనేటప్పుడు దాని మీద జే30 ఆర్9 అని అచ్చుందో లేదో చూడు. ఇథనాల్ గాల్లో తేమ పీల్చుకుంటుంది, కాబట్టి ట్యాంకు నింపి నెలల తరబడి నిలబెట్టకు. మంటలార్పే రెండు కిలోల డ్రై పౌడర్ సిలిండర్ సీటు కింద ఉండాలి. డిక్కీలో పెడితే అవసరానికి చేతికందదు.

ఇప్పుడు బ్రేకుల సంగతి. ఇక్కణ్ణించి ఫోన్ పక్కన పెట్టి చదువు.

మనం దాన్ని బ్రేక్ ఆయిల్ అంటాం. ఆ పేరే మోసం. అది నూనె కాదు, గ్లైకాల్ జాతి ద్రవం. బ్రేకుల్లో రబ్బర్లు ఆ ద్రవానికి సరిపడేలా చేసినవి. పెట్రోల్, కిరోసిన్, ఇంజిన్ ఆయిల్, గ్రీజు వాటికి విషం. తగిలితే ఉబ్బుతాయి. ఉబ్బడమంటే ఆ క్షణానే కాదు, రెండు మూడు రోజుల్లో. అప్పట్లో నాకు తెలియనిది ఆ రెండు మూడు రోజుల సంగతే.

1988లో ఆటోనగర్‌లో ఒక పార్టీ బండి వచ్చింది, పెడల్ మెల్లగా దిగిపోతోందని. మాస్టర్ సిలిండర్, అంటే పెడల్ తొక్కగానే ద్రవాన్ని చక్రాలకి తోసేది, విప్పి, కార్బురేటర్ కడిగినట్టే పెట్రోల్లో కడిగాను. కొత్త రబ్బర్ల కిట్ వేస్తుంటే పిస్టన్ కాస్త బిగుతుగా వెళ్తోందని వేలితో రవ్వంత గ్రీజు రాశాను. పైపుల్లో ఇరుక్కున్న ఎయిర్ తీశాను. బందరు రోడ్డు మీద ట్రయల్ కొట్టాను, పెడల్ అద్భుతం. నాలుగో రోజు వాళ్లు శ్రీశైలం వెళ్లారు.

ఆ మాస్టర్ సిలిండర్లో రిజర్వాయర్‌కీ సిలిండర్‌కీ మధ్య సూదిబెజ్జం లాంటి రంధ్రం ఒకటుంటుంది. పెడల్ వదిలినప్పుడు పిస్టన్ మీది కప్పు రబ్బరు అంచు సరిగ్గా ఆ రంధ్రానికి అటుపక్కన, వెంట్రుకవాసిలో ఆగుతుంది. బ్రేక్ వేసినప్పుడు డ్రమ్ములు వేడెక్కి ద్రవం వ్యాకోచిస్తే, పెడల్ వదిలాక ఎక్కువైనది ఆ రంధ్రంలోంచే వెనక్కి పోతుంది. కప్పు ఉబ్బితే దాని అంచు రంధ్రాన్ని మూసేస్తుంది. ఇక ద్రవానికి దారి లేదు. పాదం తీసినా షూలు డ్రమ్ముని పట్టుకునే ఉంటాయి. పట్టుకుంటే వేడి, వేడెక్కితే ఇంకా వ్యాకోచం, దాంతో ఇంకా గట్టిగా పట్టు. ఎక్కేటప్పుడు డ్రైవరు ఇంజిన్ లాగట్లేదనుకున్నాడట. పైన దర్శనమై వచ్చేసరికి అన్నీ చల్లారి బండి ఫ్రీగా దొర్లింది, అతనికి అనుమానమే రాలేదు. దిగేటప్పుడు సగంలో మళ్లీ పట్టింది. ఈసారి లైనర్లు కాలిపోయాయి. పెడల్ రాయిలా గట్టిగా ఉంది, బండి మాత్రం ఆగట్లేదు. కొండవైపు కాలవలోకి దించేశాడు, అదే వాళ్లని కాపాడింది. ఒక పిల్లాడి మోచెయ్యి విరిగింది. నన్నెవరూ తిట్టలేదు, ఎందుకంటే తప్పు నాదని వాళ్లకి తెలియదు. బండి లాక్కొచ్చాక నేనే విప్పి చూశాను. కప్పు నానిన శనగగింజలా ఉబ్బి, గోరుతో నొక్కితే గుంట పడింది.

కాబట్టి నీ బండికి ఆ షెడ్డు వాళ్లు తొమ్మిదేళ్లలో రిజర్వాయర్లో ఏ డబ్బాలోది పోశారో నువ్వు నమ్మకూడదు. చెంచాడు తీసి గ్లాసు నీళ్లలో వెయ్యి. బ్రేక్ ద్రవం నీళ్లలో కలిసిపోతుంది. పైన నూనె కళ్లు తేలితే మరే పరీక్షా అక్కర్లేదు. తేలకపోయినా రబ్బర్లన్నీ మార్చాల్సిందే, వయసు చాలు. లెక్క రాసుకో: ముందు చక్రాలకి రెండేసి, వెనక చక్రాలకి ఒక్కోటి, మొత్తం ఆరు వీల్ సిలిండర్లు. మాస్టర్ ఒకటి. రబ్బరు హోసులు మూడు, ముందు రెండు, వెనక ఒకటి. ఆ కాలపు బండికి ఒకటే సర్క్యూట్. ఆరింట్లో ఏ ఒక్కటి కారినా నాలుగు చక్రాల బ్రేకూ పోతుంది. అందుకే ఒకటి బాగుందని వదిలెయ్యడం లేదు.

సిలిండర్ బోర్‌లో గోరు ఆడించు. గుంట తగిలిందంటే సిలిండరే మార్చు, ఎమరీతో రుద్ది కొత్త కప్పు వేస్తే నెల తిరక్కుండా కారుతుంది. కడగడానికి స్పిరిట్, లేదా కొత్త బ్రేక్ ద్రవమే. బిగించేటప్పుడు రబ్బరుకి రాసేది కూడా ఆ ద్రవమే. డాట్ 3 గానీ డాట్ 4 గానీ సీలు తియ్యని లీటరు డబ్బా కొను. డాట్ 5 సిలికాన్ వద్దు. కొత్త డాట్ 3 మరిగేది 205 డిగ్రీల దగ్గర, తేమ పట్టాక అది 140కి దిగొచ్చు, డాట్ 4 అయితే 230 నుంచి 155కి. ఘాట్‌లో ఈ తేడా ప్రాణమంత. పుష్‌రాడ్‌కీ పిస్టన్‌కీ మధ్య మిల్లీమీటరులోపు ఆట వదులు. ఆట లేకుండా బిగిస్తే పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, కొత్త కప్పు కూడా ఆ సూదిబెజ్జాన్ని మూసేస్తుంది. ఎయిర్ తియ్యడం మాస్టర్‌కి దూరంగా ఉన్న వెనక చక్రంతో మొదలుపెట్టు. ఒకరు పెడల్ దగ్గర, ఒకరు చక్రం వెనక ఎయిర్ వదిలే నిపుల్ దగ్గర. పెడల్ మీద ఉన్నవాళ్లు మాట వినేవాళ్లై ఉండాలి, మీ నాన్న వద్దు.

తర్వాత ఎప్పుడైనా చక్రం పట్టేసిందనుకో. జాకీ ఎత్తి ఆ చక్రం నిపుల్ వదులు చెయ్యి. ద్రవం చిమ్మి చక్రం ఫ్రీ అయితే ప్రెషర్ ఇరుక్కుంది. అలా కాకపోతే డ్రమ్ములోనే షూ గానీ స్ప్రింగు గానీ ఇరుక్కుంది. ప్రెషరే అని తేలితే ఎక్కడ ఇరుక్కుందో చూడాలి. మాస్టర్ దగ్గర పైపు నట్టు వదిలితే నాలుగు చక్రాలూ ఫ్రీ అయితే తప్పు మాస్టర్‌ది. అక్కడ వదిలినా ముందు చక్రం ఒకటి గానీ, వెనక రెండూ గానీ అలాగే ఉంటే వాటి హోసుది. పాత హోసు బయటికి కొత్తదానిలా ఉంటుంది, లోపల ఉబ్బి గొంతు మూసుకుపోతుంది. కాలి బలంతో ద్రవం వెళ్తుంది, తిరిగి రాలేదు.

ఇసుజు ఇంజిన్ వేయిస్తానన్నావట, అల్లాయ్ వీల్స్ అట. కోపమొచ్చింది గానీ ఇప్పుడు తగ్గింది. తర్వాతొచ్చిన 1800 ఐఎస్‌జెడ్‌లో ఆ 1,817 సీసీ ఇంజిన్, 5 గేర్లు కంపెనీయే ఇచ్చింది, మంచిదే. కానీ ఆర్టీఏ అనుమతి లేకుండా ఇంజిన్ మారిస్తే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద తప్పు, ప్రమాదమైతే ఇన్సూరెన్స్ వాళ్లు అదే పట్టుకుంటారు. ఆ బలానికి ఈ డ్రమ్ములు చాలవు కూడా. నీకు మార్చాలని మనసు లాగితే ముందు డిస్కులు, బూస్టర్ గురించి అడుగు, అనుమతి కాగితాలతో సహా నేను పక్కనుంటాను. ఒక ఏడాది ఉన్న ఇంజిన్‌తోనే తిప్పు. ఫస్ట్ గేరుకి సింక్రో, అంటే గేరు పళ్ల వేగాలు కలిపే అమరిక, లేదు, కదులుతుండగా వేస్తే పళ్లు ఏడుస్తాయి. అందుకే దిగుడులో ముందే సెకండ్‌లోకి రా. న్యూట్రల్ కొట్టి పెట్రోల్ ఆదా చేశానని ఎవరైనా గొప్పలు చెప్తే ఆ బండెక్కకు.

స్పానర్లు ఇంచి సెట్టే కొను. 1/2 నట్టుకి 13 ఎంఎం వేస్తే పట్టినట్టే ఉంటుంది, మూలలు తినేస్తుంది. నీ దగ్గరున్న మెట్రిక్ పెట్టె ఇంట్లో పెట్టు. టైర్ల పక్కన నాలుగంకెలు చూడు, చివరి రెండూ ఏడాది. అసలు ఆ నాలుగంకెలే లేకపోతే అవి 2000కి ముందువి. తొమ్మిదేళ్లు నిలబడ్డవి మెరుస్తున్నా తీసెయ్యాలి.

ఆరు వీల్ సిలిండర్ కిట్లు, మాస్టర్ కిట్, మూడు హోసులు నేను ఆటోనగర్‌లో రేపే తీసుకుంటున్నాను. డ్రమ్ములు విప్పే రోజు చెప్పు, ముందురోజు రాత్రి బస్సెక్కుతా. 1988 నాటి ఆ కప్పు ఇప్పటికీ నా టూల్ పెట్టెలో పాత జర్దా డబ్బాలో ఉంది. తెస్తాను. కొత్త కప్పు పక్కన పెట్టి గోరుతో నొక్కి చూద్దువుగాని.

లారీ వాడికి చెప్పు, తాళ్లు బంపర్‌కి కట్టొద్దని, ఇరుసులకి కట్టమని. బండి గేర్లో ఉంచి నాలుగు చక్రాలకీ చెక్క దుంగలు పెట్టాలి. హ్యాండ్ బ్రేకుని నమ్ముకోవద్దు.

మీ మావయ్య