లిమిట్ పెంచినా ‘టూ మెనీ ఓపెన్ ఫైల్స్’ ఎర్రర్ ఎందుకు పోవట్లేదు?

లినక్స్‌లో ఒక ప్రాసెస్ ఒకేసారి ఎన్ని ఫైళ్లు తెరవచ్చో చెప్పే లిమిట్‌ని లిమిట్స్.కాన్ఫ్ అనే సెట్టింగుల ఫైల్‌లో 65535 పెట్టినా సర్వీస్ (వెనకాల నడిచే ప్రోగ్రామ్) మాత్రం 1024 దగ్గరే ఆగుతోందంటే, కారణం ఎక్కువసార్లు ఒకటే: ఆ ఫైల్‌ని చదివేది లాగిన్ అప్పుడు పామ్ (లాగిన్ పనులు చూసే భాగం), సిస్టమ్‌డీ (సర్వీసులను లేపి నడిపే ప్రోగ్రామ్) నేరుగా లేపే సర్వీసులు దాని మొహం కూడా చూడవు. ఆ సర్వీస్ సెట్టింగులుండే యూనిట్ ఫైల్‌లో, సర్వీస్ సెక్షన్ కింద, లిమిట్‌నోఫైల్=65535 అని రాసి, సిస్టమ్‌సీటీఎల్ డీమన్-రీలోడ్ కమాండ్ కొట్టి సర్వీస్‌ని రీస్టార్ట్ చేయండి.

తర్వాత యులిమిట్ కమాండ్ కొట్టి చూసుకుంటే లాభం లేదు, అది మీ షెల్ (మీరు కమాండ్లు కొట్టే ప్రోగ్రామ్) సంగతే చెబుతుంది. ప్రాక్ (/proc) డైరెక్టరీలో ఆ సర్వీస్ ప్రాసెస్ నంబరు కింద లిమిట్స్ అనే ఫైల్ ఉంటుంది, అసలు లెక్క అక్కడ. పక్కనే ఎఫ్‌డీ డైరెక్టరీలో ఎన్ని ఫైళ్లు తెరిచి ఉన్నాయో కనిపిస్తాయి. సాకెట్లూ (నెట్‌వర్క్ కనెక్షన్ల లాంటివి) పైపులూ (ప్రాసెస్‌ల మధ్య డేటా వెళ్లే దారులు) కూడా ఈ లెక్కలోకే వస్తాయి, చాలామంది మర్చిపోయేది ఇదే. లోడ్ లేనప్పుడు కూడా ఆ సంఖ్య పెరుగుతూనే ఉంటే మాత్రం కోడ్‌లో ఎక్కడో క్లోజ్ చేయడం మర్చిపోయారు, ముందు దాన్ని పట్టుకోండి.